ప్రింటరు నోరు ఎండనివ్వొద్దు



ఈ రోజు మాట ఒక చిన్న డబ్బా గురించి. అది గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. దాని పేరు కార్ట్రిడ్జి. ప్రింటరులో పోసే ఇంకు అందులో ఉంటుంది. ఇంకు అంటే సిరా. ఆ సిరా అయిపోతే ఏం చెయ్యాలి? కొత్త కార్ట్రిడ్జి కొనాలా? పాతదాన్నే మళ్లీ నింపుకోవాలా?

ఈ ప్రశ్న మీద ఒక పొదుపు సంఘంలో పెద్ద గొడవే జరిగింది. ముందు ఆ కథ వినండి.

సంఘంలో గొడవ

అదొక మండల కేంద్రం. అక్కడ పది మంది ఆడవాళ్ల సంఘం ఉంది. బ్యాంకు అప్పు తెచ్చి చిన్న కొట్టు పెట్టారు. కొట్టులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. దరఖాస్తు ఫారాలు, బడి పిల్లల బొమ్మలు, పెళ్లి పిలుపు కాగితాలు అచ్చు వేసిస్తారు. పేజీకి ఇంత అని తీసుకుంటారు. నెల నెలా అప్పు కిస్తీ కడుతున్నారు.

ఏప్రిల్ చివర బడులు మూశారు. కొట్లో పని తగ్గింది. అప్పుడే నల్ల ఇంకు అయిపోయింది. "ఇప్పుడు తొందరేముంది? బడులు తెరిచేటప్పుడు చూద్దాంలే" అనుకున్నారు. కార్ట్రిడ్జి బయటికి తీసి కిటికీలో పెట్టేశారు. నెల పైన గడిచింది. రోహిణి కార్తె ఎండలు మండిపోయాయి.

జూన్ వచ్చింది. కార్ట్రిడ్జి పట్నం తీసుకెళ్లి ఇంకు నింపించుకొచ్చారు. ప్రింటరులో పెట్టారు. బడి ఫారం ఒకటి వేశారు. కాగితం నిండా తెల్ల చారలు! "పేరు" అన్న చోట సగం అక్షరమే పడింది. బయట జనం వరసగా నిలబడి ఉన్నారు. కాసేపు చూశారు. తర్వాత ఎదురు కొట్టుకు వెళ్లిపోయారు.

"నింపించుకోవద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నారా? చవక సరుకు చేటే చేస్తుంది" అంది సంఘం నాయకురాలు.

"అలా అంటే ఎలా వదినా? నింపిస్తే రెండు వందలు. కొత్తది కొంటే వెయ్యి. ఆ వెయ్యి ఎక్కణ్ణుంచి తేవాలి?" అంది లెక్కలు రాసే ఆమె.

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఇంకులోనా? నింపినవాడి చేతిలోనా? తేల్చాలంటే ముందు ప్రింటరు ఎలా రాస్తుందో తెలియాలి.

ప్రింటరు ఎలా రాస్తుంది?

కలం కాగితాన్ని తాకి రాస్తుంది. ఇంకు ప్రింటరు కాగితాన్ని తాకదు. పైనుంచి ఇంకు చుక్కలు చిమ్ముతుంది. పత్తి చేలో మందు కొట్టే పంపు చూశారు కదా. దాని చివర నాజిల్ ఉంటుంది. నాజిల్‌కు సన్నని బెజ్జం ఉంటుంది. మందు అందులోంచి చిమ్ముతుంది. ప్రింటరులో కూడా నాజిళ్లు ఉంటాయి. అయితే అవి కంటికి ఆనవు. ఒక్కో బెజ్జం తల వెంట్రుక మందంలో మూడో వంతో, నాలుగో వంతో ఉంటుంది. అలాంటివి వందల కొద్దీ వరసగా ఉంటాయి.

ఆ నాజిళ్లు ఉన్న భాగాన్ని హెడ్ అంటారు. హెడ్ అంటే తల. కానీ అది చేసేది నోటి పని. అందుకే దాన్ని ప్రింటరు నోరు అనుకోండి.

ఒక్కో చుక్క ఎంత ఉంటుంది? దాన్ని పికోలీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీలీటరులో 100 కోట్ల పికోలీటర్లు ఉంటాయి. ఒక చుక్క 4 పికోలీటర్లు అనుకుందాం. అప్పుడు ఒక్క మిల్లీలీటరు ఇంకులో 25 కోట్ల చుక్కలు వస్తాయి. అంత చిన్న చుక్కలు పక్కపక్కన పడితేనే "అ" కనిపిస్తుంది, "ఆ" కనిపిస్తుంది.

కొన్ని నాజిళ్లు మూసుకుపోతే? ఆ వరసలో చుక్కలు పడవు. కాగితం మీద తెల్ల చార వస్తుంది. సంఘం కొట్లో జరిగింది ఇదే.

వేడి నోరు, పిండే నోరు

హెడ్లు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది వేడి హెడ్. దీని వెనుక ఒక కథ ఉంది. 1977లో జపాన్ దేశంలో కేనన్ కంపెనీ పరిశోధనశాలలో ఒక చిన్న పొరపాటు జరిగింది. ఇంకు నింపిన సిరంజి ఒకటి బల్ల మీద ఉంది. కాలుతున్న సాల్డరింగ్ కడ్డీ పొరపాటున దాని సూదికి తగిలింది. సూది కొసనుంచి ఇంకు చివ్వున చిమ్మింది. వేడి తగిలితే ఇంకు చిమ్ముతుందని అక్కడివాళ్లకు తెలిసింది. అమెరికాలో హెచ్.పి. కంపెనీ వాళ్లు కూడా ఇదే దారిలో పని చేశారు. 1984లో వాళ్లు థింక్‌జెట్ అనే ప్రింటరు అమ్మకానికి తెచ్చారు. దాని హెడ్‌కు 12 నాజిళ్లే ఉండేవి.

వేడి హెడ్‌లో ప్రతి నాజిల్ దగ్గర ఒక బుల్లి పొయ్యి ఉంటుంది. కరెంటు రాగానే అది 300 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. ఇది దానికి మూడింతలు! అయితే ఆ వేడి రెప్పపాటు కూడా ఉండదు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే, అలాంటి కొన్ని ముక్కల సేపే ఉంటుంది. పొయ్యిని తాకుతున్న పలచని ఇంకు పొర బుడగ అవుతుంది. ఆ బుడగ ఇంకు చుక్కను బయటికి తోస్తుంది. ఇలా సెకనుకు వేల సార్లు జరుగుతుంది.

రెండోది పిండే హెడ్. ఇందులో పొయ్యి లేదు. ఒక రకం పలక ఉంటుంది. కరెంటు తగిలితే అది వంగుతుంది. వంగి ఇంకును నొక్కుతుంది. హోళీనాడు పిల్లలు రబ్బరు బుడ్డి నొక్కి రంగు చిమ్మినట్టే. ఎప్సన్ కంపెనీ 1993లో ఈ రకం కొత్త హెడ్‌తో స్టైలస్ 800 అనే ప్రింటరు తెచ్చింది. ఈనాటికీ ఆ కంపెనీ ప్రింటర్లు ఈ దారిలోనే పని చేస్తున్నాయి.

ఇంకు హెడ్‌ను ఏం చేస్తుంది?

ఇంకు రంగునీళ్లు కాదు. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి.

వేడి హెడ్ సంగతి చూడండి. ఎసట్లో నీళ్లుంటే గిన్నె బాగుంటుంది. నీళ్లు ఇగిరిపోయాక పొయ్యి మీదే ఉంచితే గిన్నె మాడుతుంది. వేడి హెడ్‌ కూడా అంతే. అందులో ఇంకు ప్రవహిస్తూ ఉంటే వేడిని తీసుకుపోతుంది. ఇంకు పూర్తిగా అయిపోయాక కూడా ప్రింటు కొడుతూ ఉంటే ఆ బుల్లి పొయ్యిలు కాలిపోతాయి. కాలిపోయిన హెడ్‌ను ఏ ఇంకూ బాగు చెయ్యలేదు.

ఇంకొకటి. ఆ వేడికి సరిపడని ఇంకు పోస్తే పొయ్యి మీద పొర కడుతుంది. అన్నం అడుగంటితే మాడుచెక్క కట్టినట్టే. జపాన్ వాళ్లు గిన్నె అడుగున మాడిన అన్నాన్ని "ఒకొగె" అంటారు. ఇంకు మాడి పొర కట్టడానికి ఇంజనీర్లు "కొగేషన్" అని పేరు పెట్టారు. ఆ పేరు జపాన్ వాళ్ల మాడు మాటలోంచి వచ్చిందే. మాడు కట్టిన గిన్నెకు వేడి అందదు. మాడు కట్టిన నాజిల్ చుక్కను సరిగా తోయలేదు. అక్షరాలు వెలిసిపోయినట్టు పడతాయి.

పిండే హెడ్‌కు మాడు బాధ లేదు. దానికి శత్రువు గాలి. ఇంకు దారిలో గాలి బుడగ చేరిందనుకోండి. హెడ్ నొక్కితే ఆ బుడగ అణిగిపోతుంది. ఇంకు మాత్రం కదలదు. చుక్క పడదు. అందుకని ఇందులో కూడా ఇంకు అడుగంటనివ్వకూడదు.

రెండు రకాలకూ ఉన్న శత్రువు ఒకటుంది. అది ఎండిన ఇంకు. మూత పెట్టని కలం పాళీ ఎండిపోతుంది కదా. అలాగే నాజిల్‌లో ఇంకు ఎండి గట్టి పడుతుంది.

ఇంకులో ఏముంటుంది?

ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అందులో రంగు ఉంటుంది. తొందరగా ఎండిపోకుండా తడి నిలిపే ద్రవాలు ఉంటాయి. నాజిల్‌లోంచి సాఫీగా జారడానికి ఒక మందు ఉంటుంది. పాచి పట్టకుండా మరో మందు ఉంటుంది. ఇవన్నీ ఆ హెడ్‌కు తగ్గట్టు కలుపుతారు. అందుకే కలంలో పోసే సిరా ప్రింటరులో పొయ్యకూడదు. రంగునీళ్లు అసలే పొయ్యకూడదు.

రంగు రెండు రకాలుగా ఉంటుంది.

ఒకటి కరిగే రంగు. దీన్ని డై అంటారు. నీళ్లలో ఉప్పు కరిగినట్టు కరుగుతుంది.

రెండోది కరగని రంగు. దీన్ని పిగ్మెంట్ అంటారు. నీళ్లలో పసుపు కలిపినట్టు ఉంటుంది. రేణువులు నీళ్లలో తేలుతూ ఉంటాయి. పసుపు కాసేపటికి అడుగుకు చేరుతుంది. పిగ్మెంట్ అలా చేరకుండా చాలా మెత్తగా నూరుతారు. ఒకదానికొకటి అంటుకోకుండా మందు కలుపుతారు.

పిగ్మెంట్ నలుపు మామూలు కాగితం మీద ముదురుగా పడుతుంది. తడి తగిలినా తొందరగా పోదు. డై రంగులు బొమ్మల్లో నిగనిగలాడతాయి. కానీ నీళ్లు పడితే చెదిరిపోతాయి. అందుకే చాలా ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్, మిగతా రంగులు డై.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? పాలల్లో నిమ్మరసం పడితే విరుగుతాయి. కొన్ని ఇంకులు కూడా అలాగే విరుగుతాయి. చిక్కబడి ముద్ద కడతాయి. ఆ ముద్ద నాజిల్‌లో ఇరుక్కుంటే ఇక రాదు. కాబట్టి పిగ్మెంట్ ఉన్న చోట పిగ్మెంటే పొయ్యాలి. డై ఉన్న చోట డై పొయ్యాలి. అది కూడా మీ ప్రింటరు రకానికి చేసిన ఇంకే అయ్యుండాలి. ఒక కంపెనీ ఇంకు మీద ఇంకో కంపెనీ ఇంకు కలపకపోవడమే మంచిది.

మీ ప్రింటరు నోరు ఎక్కడుంది?

ఇంకు నింపాలా వద్దా అని అడిగే ముందు ఈ ప్రశ్న అడగాలి. అసలు కిటుకంతా ఇందులోనే ఉంది.

కార్ట్రిడ్జిని చేతిలోకి తీసుకోండి. తిప్పి చూడండి. ఒక పక్క రాగి రంగు చుక్కలు, అడుగున చిన్న మెరిసే పలక కనిపిస్తే హెడ్ కార్ట్రిడ్జి మీదే ఉన్నట్టు. కొట్లలో దొరికే హెచ్.పి. 803, హెచ్.పి. 680, కేనన్ పి.జి. 745 ఇలాంటివే. ఇందులో హెడ్ చెడితే కార్ట్రిడ్జి ఒక్కటే పోతుంది. కొత్తది పెడితే కొత్త హెడ్ వచ్చినట్టే. నష్టం ఒక కార్ట్రిడ్జి ఖరీదుతో ఆగుతుంది.

అడుగున ఆ పలక లేకపోతే హెడ్ ప్రింటరు లోపల ఉన్నట్టు. ఎప్సన్ ప్రింటర్లు ఇలాంటివి. ఇందులో చెడ్డ ఇంకు పోస్తే మిషను నోరే మూసుకుపోతుంది. హెడ్ మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త ప్రింటరు ధరకు దగ్గరగా పోవచ్చు. ఇక్కడ పదీ పరకా చూసుకుని చవక ఇంకు కొనకూడదు.

కార్ట్రిడ్జి మీద అంకెలు ఉంటాయి. అంకెలు మీకు వచ్చు కదా. చదవండి. పుస్తకంలో రాసుకోండి. ఇంకు కొనేటప్పుడు ఆ నంబరు చెప్పి అడగండి. "ఇది ఏ నంబరుకు పనికొస్తుంది? డైనా, పిగ్మెంటా?" అని అడగండి. సీసా మీద రాసి ఉన్నది చూపించమనండి. చదివినవాళ్లను మోసం చెయ్యడం కష్టం.

నింపేటప్పుడు ఏం చెయ్యాలి?

ముందు ఇది కార్ట్రిడ్జి మీదే హెడ్ ఉన్న రకం సంగతి.

1. పూర్తిగా అయిపోయే దాకా ఆగొద్దు. అక్షరం వెలవడం మొదలవగానే నింపండి.

2. సిరంజి కొత్తది కొనండి. ఆసుపత్రిలో వాడి పారేసిన సూది ముట్టుకోవద్దు. దానితో రోగాలు అంటుకుంటాయి. ఇంకు సిరంజిని మరో పనికి వాడొద్దు. పిల్లలకు అందకుండా పెట్టండి.

3. రంగు రంగుకు వేరే సిరంజి ఉండాలి. రంగుల కార్ట్రిడ్జిలో మూడు గదులు ఉంటాయి. ఏ గదిలో ఏ రంగో ముందు తెలుసుకోండి. శుభ్రమైన సన్న పుల్ల బెజ్జంలో పెట్టి తీస్తే రంగు తెలుస్తుంది. ఒక పుల్ల ఒక గదికే వాడండి.

4. లోపల స్పాంజి ఉంటుంది. సూదిని స్పాంజిలోకి దించి మెల్లగా ఇంకు ఎక్కించండి. తొందరపడితే గాలి బుడగలు చేరతాయి.

5. బెజ్జం దగ్గర ఇంకు పైకి కనిపించగానే ఆపండి. కొంచెం వెనక్కి లాగెయ్యండి. స్పాంజి పట్టే దానికన్నా ఎక్కువ పోస్తే అడుగునుంచి కారుతుంది. రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

6. పైన గాలి దారి మూసెయ్యొద్దు. నూనె డబ్బాకు ఒకే బెజ్జం పెడితే నూనె సరిగా రాదు. రెండో బెజ్జం పెడితే ధారగా వస్తుంది. కార్ట్రిడ్జికి కూడా లోపలికి గాలి పోతేనే ఇంకు కిందికి దిగుతుంది.

7. రాగి చుక్కలను వేళ్లతో తాకొద్దు. ఇంకు అంటితే పోగులు రాని మెత్తని గుడ్డతో అద్దండి. రుద్దొద్దు.

హెడ్ లోపల ఉన్న ట్యాంకు ప్రింటర్లకు సిరంజి పనే లేదు. సీసాలోంచి నేరుగా ట్యాంకులో పొయ్యాలి. కింది గీత దాటి ఇంకు దిగకుండా చూసుకోవాలి. ఏ రంగు ఏ ట్యాంకులో పొయ్యాలో రెండుసార్లు చూసుకుని పొయ్యాలి.

నింపాక కొన్ని ప్రింటర్లు "ఇంకు లేదు" అనే చూపిస్తాయి. భయపడొద్దు. ఆ మిషను ఇంకును చూసి చెప్పడం లేదు. వేసిన చుక్కల లెక్క వేసుకుని చెబుతోంది. చాలా వాటిలో ఆ మాట దాటించి ముందుకు పోవచ్చు. కొన్ని మిషన్లు మాత్రం వేరే కంపెనీ కార్ట్రిడ్జిలను ఒప్పుకోవు. కొనే ముందే అడిగి తెలుసుకోవాలి.

తెల్ల చారలు వస్తే?

ముందు ప్రింటరుతోనే పరీక్ష చేయించండి. నాజిల్ పరీక్ష అని ఒక కాగితం వస్తుంది. అందులో గీతలు ఎక్కడ తెగాయో చూడండి.

తర్వాత హెడ్ శుభ్రం చేసే మీట నొక్కండి. రెండు మూడు సార్లకు మించి నొక్కొద్దు. ప్రతిసారీ ఇంకు ఖర్చవుతుంది. ఆ ఇంకు ప్రింటరు అడుగున ఉన్న పీల్చే మెత్తలోకి పోతుంది. మెత్త నిండితే కొన్ని మిషన్లు పని ఆపేస్తాయి. మీట నొక్కినా చారలు పోకపోతే కొన్ని గంటలు ఆగండి. అప్పుడు మళ్లీ చూడండి.

ఇంకా పోకపోతే, హెడ్ కార్ట్రిడ్జి మీదే ఉంటే, ఇంకో పని చెయ్యొచ్చు. డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చెయ్యండి. బ్యాటరీలో పోసే నీళ్లు అవే. పోగులు రాని గుడ్డ మడత పెట్టి ఆ నీళ్లతో తడపండి. నాజిళ్ల పలకను దాని మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచండి. గుడ్డ మీద ఇంకు గీతలు దిగుతాయి. రాగి చుక్కలు తడవనివ్వొద్దు. తడిస్తే బాగా ఆరాకే మిషనులో పెట్టండి.

బోరు నీళ్లు వాడొద్దు. బోరు నీళ్లు కాగిన గిన్నెకు తెల్ల పొర కడుతుంది చూశారా? డ్రిప్పు పైపుల బెజ్జాలు మూసేది కూడా అలాంటి పొరే. నాజిల్‌కు అది పట్టిందంటే అంతే సంగతులు.

మరుగుతున్న నీళ్లు వాడొద్దు. దూది వాడొద్దు. దాని పోగులు ఇరుక్కుంటాయి. వెనకటికి పంపు స్టౌ మూసుకుపోతే పిన్ను గుచ్చేవాళ్లు. హెడ్‌కు అలా పిన్ను గుచ్చితే బెజ్జం పాడవుతుంది. తిరిగి బాగుపడదు.

రూపాయి ఖర్చు లేని జాగ్రత్తలు

ప్రింటరును దాని మీటతోనే ఆపండి. గోడ స్విచ్చి ముందు ఆపొద్దు. మీటతో ఆపితే హెడ్ తన చోటికి వెళ్లి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. నోరు ఎండదు. కరెంటు పీకేస్తే హెడ్ మధ్యలోనే ఆగిపోతుంది. నోరు తెరుచుకునే ఉంటుంది.

వారానికి ఒకసారైనా అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ వెయ్యండి. పని లేకపోయినా వెయ్యండి. బావి వాడకపోతే ఊట మూసుకుపోతుందని పెద్దలు అంటారు కదా.

ప్రింటరు మీద ఎండ పడనివ్వొద్దు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పండి.

ఖాళీ కార్ట్రిడ్జిని బయట పెట్టి ఉంచొద్దు. అదే రోజు నింపించండి. కుదరకపోతే గట్టిగా మూసుకునే కవరులో, పక్కన తడి గుడ్డ పెట్టి ఉంచండి.

లెక్క వేద్దాం

కొత్త కార్ట్రిడ్జి 1,000 రూపాయలు అనుకుందాం. నింపడానికి 200 రూపాయలు అనుకుందాం. ఒక కార్ట్రిడ్జిని కొని, నాలుగు సార్లు నింపారు. ఖర్చు 1,000, దానికి 800 కలిపితే 1,800. నింపకుండా ఐదూ కొత్తవే కొంటే 5,000. మిగిలింది 3,200 రూపాయలు. సంఘానికి అది చిన్న మొత్తం కాదు.

ఇంకో లెక్క. హెడ్ లోపల ఉన్న ప్రింటరు. చవక ఇంకు కొని 300 రూపాయలు మిగిల్చారు అనుకుందాం. హెడ్ చెడింది. బాగు చెయ్యడానికి 5,000 అడిగారు అనుకుందాం. 300 కోసం 5,000 పోయింది. లెక్క తలకిందులైంది.

కార్ట్రిడ్జిని ఎన్నిసార్లయినా నింపుకుంటూ పోవచ్చా? పోలేం. దాని పొయ్యిలు కూడా అరుగుతాయి. శుభ్రం చేసినా చారలు పోకపోతే దాని ఆయుష్షు తీరిందని అర్థం. అప్పుడు కొత్తది కొనాల్సిందే.

కంపెనీ కార్ట్రిడ్జిలో వేరే ఇంకు నింపడం తప్పా అని కొందరు అడుగుతారు. అమెరికాలో ఈ గొడవ సుప్రీం కోర్టు దాకా పోయింది. అది పొడి ఇంకు కార్ట్రిడ్జిల కేసు. 2017 మే నెలలో కోర్టు తీర్పు చెప్పింది. కంపెనీ తన సరుకు అమ్మేశాక దాని మీద పేటెంటు హక్కు ఇక చెల్లదని చెప్పింది. అది ఆ దేశపు తీర్పు. అయితే ఎక్కడైనా సరే, నింపిన కార్ట్రిడ్జిని కంపెనీ పెట్టెలో పెట్టి "కొత్తది" అని అమ్మితే అది మోసం. నింపినదాన్ని నింపినదనే చెప్పి అమ్మాలి.

పని ఎక్కువున్నవాళ్లకు ట్యాంకు ప్రింటరు ఒక దారి. ఇండోనేషియాలో జనం తమంతట తామే ప్రింటర్లకు బయట ఇంకు సీసాలు తగిలించుకునేవాళ్లు. అది చూసి ఎప్సన్ కంపెనీ 2010లో ఆ దేశంలోనే మొదట ట్యాంకు ప్రింటర్లు అమ్మింది. ఇప్పుడు అవి ఇండియాలోనూ దొరుకుతున్నాయి. మిషను ధర ఎక్కువ. పేజీ ఖర్చు తక్కువ. నెలకు ఎన్ని పేజీలు వేస్తారో రాసుకుంటే ఏది లాభమో మీకే తెలుస్తుంది.

మళ్లీ సంఘం దగ్గరికి

సంఘం ఆడవాళ్లు కార్ట్రిడ్జి పట్టుకుని పట్నం వెళ్లారు. నింపిన కుర్రాణ్ణి నిలదీశారు.

"ఏం బాబూ, ఎలాంటి ఇంకు పోశావు?" అని అడిగింది నాయకురాలు.

కుర్రాడు సీసా చూపించాడు. సీసా మీద వాళ్ల కార్ట్రిడ్జి నంబరే ఉంది. పిగ్మెంట్ అని కూడా ఉంది. కార్ట్రిడ్జి తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది అయిపోయాక ఎన్నాళ్లు బయట పెట్టారు?" అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నెల దాటింది నాయనా. కిటికీలో పెట్టాం" అంది లెక్కలు రాసే ఆమె.

"అదేనమ్మా సంగతి. నోరు ఎండిపోయింది. తీసుకోగానే నేనూ చూసి ఉండాల్సింది. చూడకుండా నింపేశాను" అన్నాడు కుర్రాడు.

అతను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో గుడ్డ తడిపాడు. కార్ట్రిడ్జి దాని మీద ఆనించాడు. పరీక్ష కాగితం తీశాడు. గీతలు కొన్ని వచ్చాయి. కాసేపు ఆగి మళ్లీ ఆనించాడు. ఈసారి రెండు గీతలు తప్ప అన్నీ వచ్చాయి. ఆ రెండూ మాత్రం రాలేదు. ఫారాలకు అది సరిపోతుంది. బొమ్మలకు పనికిరాదు.

తిరుగు బస్సులో నాయకురాలు అంది: "నింపడం తప్పు కాదే. ఎండబెట్టడం తప్పు."

"కొన్నాళ్లకు కొత్తది కొనక తప్పదులే వదినా. నువ్వన్నదీ నిజమే" అంది రెండో ఆమె.

మర్నాడు సంఘం పుస్తకంలో ఒక కొత్త పేజీ తెరిచారు. కార్ట్రిడ్జి నంబరు, నింపిన తేదీ, ఖర్చు, వేసిన పేజీలు, అన్నీ రాయడం మొదలుపెట్టారు. కొట్టు గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించారు. ఆ అక్షరాలు రాసింది నాయకురాలే. రెండేళ్ల కిందట ఆమె వేలిముద్ర వేసేది.

కాగితం మీద ఇలా ఉంది:

మీటతోనే ఆపాలి.
వారానికి ఒక రంగుల పేజీ వెయ్యాలి.
అడుగంటక ముందే నింపాలి.
నంబరు చూసి ఇంకు కొనాలి.
పిన్ను గుచ్చరాదు.

అక్కలారా! ఇంకు ఖరీదు చిన్నది. నోటి ఖరీదు పెద్దది. నోరు ఎక్కడుందో తెలుసుకోండి. దానికి తగిన ఇంకు పొయ్యండి. ఎండనివ్వకండి. అప్పుడు నింపుకున్నా నష్టం లేదు.

ఆలోచించండి. పదిమందితో మాట్లాడండి.

1. మీ ఊళ్లో ప్రింటరు ఎక్కడుంది? దాని హెడ్ కార్ట్రిడ్జి మీద ఉందా? మిషను లోపల ఉందా?
2. సంఘంలో ఇద్దరు పోట్లాడుకున్నారు. ఎవరి మాట ఎంత వరకు నిజం?
3. కొత్త కార్ట్రిడ్జి 900 రూపాయలు. నింపడానికి 150 రూపాయలు. మూడు సార్లు నింపితే మొత్తం ఖర్చు ఎంత? నింపకుండా నాలుగూ కొత్తవే కొంటే ఎంత?
4. గోడ మీద కాగితంలో ఇంకొక వాక్యం చేర్చాలంటే ఏం రాస్తారు? రాసి చూడండి.